మినియాపొలిస్‌లో మంచి బర్గర్ కావాలంటే సీడర్ అవెన్యూకి వెళ్ళండి

ఉద్యోగం మీద మినియాపొలిస్ వచ్చాను, ఊళ్ళో బెస్ట్ బర్గర్ ఎక్కడ దొరుకుతుందో చెప్పండి, యాప్‌లో చూస్తే అన్నిటికీ నాలుగున్నర స్టార్లే ఉన్నాయి అని అడిగారు. మాట్స్ బార్. సీడర్ అవెన్యూ, 35వ వీధి మూల మీద. ఆకలిగా ఉంటే చదవడం ఇక్కడితో ఆపేసి బండి తియ్యండి. తీరికగా ఉంటే మిగతాది కూడా చదవండి, ఈ విషయంలో నేను ఎప్పటినుంచో కడుపులో దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి.

ముందే ఒకటి చెప్పేస్తాను. నా లెక్కలో బర్గర్ అంటే బీఫే. మా ఇంట్లో పెద్దకూర వండుతారు. హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో నెలాఖరుకి జేబు ఖాళీ అయితే మాకు దిక్కు బీఫ్‌తో చేసే కల్యాణి బిర్యానీయే. కాబట్టి ఇందులో నాకు మొహమాటం ఏమీ లేదు. తిననివాళ్ళకి పనికొచ్చే సంగతులు కింద రాశాను. బయట బీఫ్ బర్గర్ తిని, ఇంటికి ఫోన్ చేసి చికెన్ అని చెప్పేవాళ్ళ జోలికి మాత్రం నేను పోను. అది వాళ్ళకీ వాళ్ళ అమ్మగారికీ మధ్య వ్యవహారం.

మాట్స్‌లో తినాల్సింది జ్యూసీ లూసీ. మామూలు చీజ్ బర్గర్‌లో చీజ్ మాంసం మీద పరుస్తారు కదా, ఇందులో రెండు పల్చటి మాంసం బిళ్ళల మధ్య చీజ్ పెట్టి, అంచులు నొక్కి మూసేసి, అప్పుడు పెనం మీద వేస్తారు. అంచు ఎక్కడైనా సరిగ్గా అతకకపోతే చీజ్ మొత్తం పెనం పాలవుతుంది. లోపల పెట్టేది అమెరికన్ చీజ్. ఆ పేరు వినగానే ప్లాస్టిక్ అని మూతి విరిచేవాళ్ళున్నారు. ఈ పనికి అదే సరైనది. అందులో కలిపే లవణాల వల్ల ఎంత వేడి చేసినా కొవ్వు విడిపోకుండా జారుగా కరుగుతుంది. బాగా ముగ్గిన చెడ్డర్ పెట్టి చూడండి, నూనె ఒకవైపు, సాగే ముద్ద ఒకవైపు అవుతుంది.

మాట్స్ 1954లో మొదలైంది. ఒక కస్టమర్ అడిగితే ఇలా చేసిపెట్టామని, అలా పుట్టిందని వాళ్ళ కథ. అదే సీడర్ అవెన్యూ మీద ఇంకా దక్షిణానికి పోతే, 58వ వీధి దగ్గర ఫైవ్-ఎయిట్ క్లబ్ వస్తుంది. అది 1928లో, మద్యనిషేధం రోజుల్లో, చాటుగా మందు పోసే అడ్డాగా మొదలైన చోటు. జ్యూసీ లూసీ మాదేనని వాళ్ళూ అంటారు. ఈ పంచాయతీ ఎప్పటికీ తెగదు, తెగాలని ఊళ్ళో ఎవరికీ లేదు కూడా. నా ఓటు మాట్స్‌కే. 2014 జూన్‌లో ఒబామా ప్రెసిడెంట్‌గా ఉండగా వచ్చి తిన్నది కూడా మాట్స్‌లోనే.

ఇక అసలు నేను చెప్పాలనుకున్నది. కిందటి అక్టోబరులో మా పెద్దబాపు ఇక్కడికి వచ్చారు, అక్క పురుడుకని. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. వరంగల్‌లో సాయంత్రం అయ్యేసరికి బజారుకెళ్ళి నలుగురితో మాట్లాడి వస్తే గాని ఆయనకి అన్నం దిగదు. ఇక్కడ సబర్బ్‌లో కిటికీలోంచి ఎంతసేపు చూసినా మనిషి కనపడడు. "అరే, గీడ మనుషులుంటరా, ఒట్టి కార్లే ఉంటయా?" అని అడిగారు ఒకరోజు. ఆ మాటకి నా మనసు ఉండబట్టలేదు. శనివారం మధ్యాహ్నం మాట్స్‌కి తీసుకెళ్ళాను. ఆయనకి బీపీ ఉందని అక్క మూతి ముడుచుకుంది. బావ నోరు మెదపలేదు, తనని కూడా తీసుకెళ్తే బాగుండని ఆయన మనసులో ఉన్నట్టుంది.

వెళ్ళేసరికి బయట లైను. అక్కడ రిజర్వేషన్లు ఉండవు, నిలబడాల్సిందే. మా ముందు ఒక ముసలాయన ఉన్నాడు. ఆయనకి తెలుగు రాదు, పెద్దబాపుకి ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా పావుగంట తిరిగేసరికి ఆ ముసలాయన పికప్ కింద ఆయిల్ కారుతోందని ఈయన వంగి వేలుపెట్టి చూపించడం, ఆయన తల గోక్కోవడం, ఇద్దరూ కలిసి బండి కిందకి తొంగి చూడటం అన్నీ అయిపోయాయి. మేం లోపలికి వెళ్ళేటప్పుడు ఆయన నాతో చేతులు కలపలేదు, పెద్దబాపుతో కలిపాడు.

లోపల పెద్ద వెలుతురు ఉండదు. పాత బార్ ఎలా ఉంటుందో అలాగే. బార్ వెనక ఒక పక్కగా పెనం. మొత్తం హాలుకి బర్గర్లు వెళ్ళేది ఆ ఒక్క చిన్న పెనం మీది నుంచే. అదృష్టం కొద్దీ దానికి ఎదురుగానే మాకు రెండు స్టూళ్ళు దొరికాయి. "గింత పెనం మీద గింతమందికి ఎట్ల ఎల్లుతది రా?" అన్నారు పెద్దబాపు. ఆ తర్వాత ఇంక నాతో మాట్లాడితే ఒట్టు. వంట చేసేవాడి చేతులే చూస్తూ కూర్చున్నారు. ఇంతలో ఒక బిళ్ళ అంచు చిట్లి చీజ్ బయటికి కారింది. వంటవాడు కంగారేమీ పడకుండా స్క్రేపర్‌తో దాన్ని గీకి పక్కకి నెట్టి, ఆ బిళ్ళని పెనం అంచుకి, సెగ తక్కువున్న చోటికి జరిపాడు. "గాస్కెట్ లీకైంది" అన్నారు పెద్దబాపు. ఇండియా నుంచి వచ్చాక ఆయన మొహంలో అంత తృప్తి నేను చూడలేదు.

బర్గర్ కాగితంలో చుట్టి తెచ్చారు. ప్లేటు లేదు, ఫోర్కు లేదు. మామూలు మెత్తటి బన్ను, మీద పెనం మీదే వేగిన ఉల్లిపాయ, పికిల్ ముక్కలు. ఆకులు, టమాటా చక్రాలు ఏమీ లేవు. ఇప్పుడే కొరకొద్దు, లోపల చీజ్ మరిగిపోతూ ఉంటుంది, కొంచెం ఆగండి అని చెప్పింది తెచ్చినావిడ. నేను ఆ మాట తెలుగులో చెప్పేలోపే పెద్దబాపు కాగితం విప్పారు. కానీ కొరకలేదు. అంచు దగ్గర రెండు వేళ్ళతో చిన్నగా తుంచారు. సన్నగా ఆవిరి, దాని వెనకే నారింజరంగు చీజ్ బయటికి వచ్చాయి. ఉఫ్‌మని ఊది, ఒక ఫ్రై అందులో ముంచి నోట్లో వేసుకున్నారు. "ఉడుకుడుకు మిర్చి బజ్జీలు తినేటోనికి ఆమె చెప్పుడేంది రా" అన్నారు. అటుపక్క స్టూలు మీద టోపీ పెట్టుకున్న కుర్రాడు ఒకడు అప్పటికే ఆవురావురుమని కొరికేసి, నాలుక కాల్చుకుని, బీరు గ్లాసు దించకుండా తాగుతున్నాడు.

మొత్తం తిన్నాక ఆయన తీర్పు: "ఉప్పు మంచిగున్నది. కారం లేదు. కొవ్వు తోటే రుచి." మన యూట్యూబ్ ఫుడ్ వ్లాగర్లు పదిహేను నిమిషాల వీడియోలో చెప్పలేనిది మూడు ముక్కల్లో చెప్పేశారు.

కొవ్వు సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా. 93 శాతం లీన్ అని, అంటే కొవ్వు బాగా తక్కువని రాసున్న మాంసం కొనుక్కొచ్చి, ఇంట్లో బర్గర్ చేసుకుని, గొంతు దిగట్లేదని ఏడ్చే మనవాళ్ళు నాకు బోలెడుమంది తెలుసు. బర్గర్‌కి కావాల్సింది 80 పాళ్ళు మాంసం, 20 పాళ్ళు కొవ్వు. కొట్లో చక్ అని అడగండి, భుజం దగ్గరి మాంసం అది. ఉప్పు మాంసంలో కలిపి పిసక్కూడదు. అలా చేస్తే బిగుసుకుపోయి సాసేజ్ అవుతుంది. పెనం మీద వేసే ముందు పైపైన చల్లాలి, అంతే. మనవాళ్ళు ఊరుకోరు కదా, అల్లంవెల్లుల్లి ముద్ద, గరం మసాలా, కొత్తిమీర, ఒక గుడ్డు కూడా కొట్టి కలిపేస్తారు. అది కబాబ్. కబాబ్ అంటే నాకూ ప్రాణమే, కానీ కబాబ్ అని చెప్పి పెట్టండి, బర్గర్ అని పిలిచి కాదు.

ఖరీదైన చోట్ల బర్గర్ బాగుంటుందన్న భ్రమ ఉంటే వదులుకోండి. డౌన్‌టౌన్‌లో ఒక పేరున్న రెస్టారెంట్‌కి ఆఫీసు వాళ్ళతో వెళ్ళాను. ఏ రెస్టారెంటో చెప్పను. చెక్క పలక మీద పెట్టి తెచ్చారు. జానెడు ఎత్తు, కూలిపోకుండా మధ్యలో పుల్ల గుచ్చి ఉంది. నోరు ఎంత తెరిచినా పట్టదు. బ్రియోష్ బన్ను తియ్యగా ఉంది, రసానికి తడిసి రెండో ముద్దకే చేతిలో విడిపోయింది. ట్రఫుల్ అనే ఖరీదైన పుట్టగొడుగు వాసనకి మాంసం రుచి ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. పుల్ల గుచ్చాల్సి వచ్చిందంటేనే ఆ బర్గర్ కట్టడంలో లోపం ఉన్నట్టు. దీనికి మినహాయింపు ఇంతవరకు నాకు కనపడలేదు, కనపడుతుందన్న ఆశ కూడా లేదు.

టిప్పుల గోల ఇంకొకటి. మనమే కౌంటర్ దగ్గర నిలబడి ఆర్డర్ చెప్పి, మనమే మోసుకెళ్ళి, మనమే బల్ల తుడుచుకునే చోట కూడా స్క్రీన్ మన వైపు తిప్పి టిప్పు 20, 25, 30 శాతం అని చూపిస్తారు. వెనక లైనులో ఉన్నవాళ్ళు మన వేలు ఎక్కడ పడుతుందా అని చూస్తుంటారు. ఆ టెన్షన్‌లో సగం ఆకలి చచ్చిపోతుంది. కూర్చోబెట్టి వడ్డించి, నోరు కాలుతుందని చెప్పి మరీ వెళ్ళే మనిషికి ఎంతైనా ఇస్తాను. స్క్రీన్‌కి ఎందుకివ్వాలి?

డెలివరీ తెప్పించుకోవద్దు. బర్గర్ పెనం మీది నుంచి దిగాక దాని ఆయుష్షు పది నిమిషాలు. మూతపెట్టిన డబ్బాలో అరగంట ప్రయాణం చేస్తే సొంత ఆవిరికే ఉడికిపోయి బన్ను పిసపిసలాడుతుంది, ఫ్రైస్ వంగిపోతాయి. మీ యాప్‌లో కనిపించే రేటింగుల్లో ఎన్ని ఇలా చల్లారిపోయాక తిన్నవాళ్ళు ఇచ్చినవో ఆలోచించండి. మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో అడిగి లాభం లేదు. నేనొకసారి మంచి బర్గర్ ఎక్కడ అని అడిగితే, పది మెసేజ్‌లు దాటకముందే అది బిర్యానీ తగువుగా మారింది. ఎవరో బాస్మతి అన్నారు, ఇంకెవరో చిట్టిముత్యాలు అన్నారు, ఇద్దరు గ్రూపులోంచి వెళ్ళిపోయారు.

మీరు ఈడెన్ ప్రెయిరీ వైపు ఇల్లు తీసుకుని ఉంటే (మనవాళ్ళు చాలామంది అటే చేరతారు) ఊళ్ళోకి రావడానికి బద్ధకంగా ఉన్న రోజున లయన్స్ ట్యాప్‌కి వెళ్ళండి. అక్కడ లోపల చీజ్ కూరే గొడవ లేదు, మామూలు పాతకాలం బర్గరే, కానీ బాగుంటుంది. వీళ్ళు గట్టివాళ్ళు. తమ నినాదం వాడుకుందని 2009లో ఏకంగా మెక్‌డొనాల్డ్స్ మీదే కేసు వేశారు, తర్వాత రాజీ కుదిరింది. నాకు వాళ్ళ మీద గౌరవం సగం అందువల్లే.

బీఫ్ తిననివాళ్ళకి. బీన్స్‌తో చేసిన ప్యాటీ అయినా, ఇంపాజిబుల్, బియాండ్ లాంటి మాంసం లేని కంపెనీ ప్యాటీలు అయినా, ఆర్డర్ ఇచ్చే ముందు ఒక్క ప్రశ్న అడగండి: బీఫ్ కాల్చే పెనం మీదే దీన్నీ కాలుస్తారా? చాలాచోట్ల అవుననే చెప్తారు. మాట్స్ లాంటి ఒంటి పెనం చోట అడగాల్సిన పని కూడా లేదు, ఊరికే తోడు వెళ్ళి కోక్ తాగి రండి. బంగాళదుంప ఫ్రైస్‌ని కూడా గుడ్డిగా నమ్మొద్దు. మెక్‌డొనాల్డ్స్ అమెరికాలో 1990లో పశువుల కొవ్వు మానేసి వెజిటబుల్ ఆయిల్‌కి మారామని ప్రకటించింది, కానీ ఫ్రైస్‌లో బీఫ్ ఫ్లేవర్ ఉంటూనే ఉంది. అది తెలిసి 2001లో హిందువులు, శాకాహారులు కోర్టుకెళ్ళారు. 2002లో కంపెనీ క్షమాపణ చెప్పి, కోటి డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఇక్కడ అమ్మే ఫ్రైస్‌లో ఆ ఫ్లేవర్ ఇప్పటికీ ఉంది. మాంసం ముట్టని అత్తమామలు వచ్చినప్పుడు ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటికొచ్చే దారిలో "ఆలుగడ్డలే కదా" అని కొనిపెట్టే అల్లుళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

మాట్స్‌కి వెళ్ళేటప్పుడు జేబులో క్యాష్ పెట్టుకోండి. మేం వెళ్ళినప్పుడు కార్డు తీస్తే తల అడ్డంగా ఊపారు. శుక్ర, శనివారాల సాయంత్రాలు వద్దు, మామూలు రోజున మధ్యాహ్నం రెండు దాటాక వెళ్తే స్టూలు దొరకొచ్చు. దొరికితే పెనం ఎదురుగా కూర్చోండి. బండి పక్క వీధుల్లో పెట్టుకోవచ్చు. మంచు బాగా పడి స్నో ఎమర్జెన్సీ ప్రకటించిన రోజైతే మాత్రం ఏ వైపు ఆపొచ్చో చూసుకుని మరీ ఆపండి, లేకపోతే బండి టో చేసుకుపోతారు, ఆ ఖర్చుతో మీ టీమ్ మొత్తానికీ బర్గర్లు పెట్టించొచ్చు.