మాంసం, పాలు, వేపుళ్ళు మానేశాక నాలుక నిజంగా మారుతుందా?

మీరు అడిగింది ఇదీ: మాంసం, గుడ్లు, పాలు, వేపుళ్ళు మానేసి నెల దాటింది, ఏం తిన్నా గడ్డి నమిలినట్టే ఉంది, ఈ రుచులు ఎప్పటికైనా నచ్చుతాయా, లేక బతికినన్నాళ్ళూ ఓర్చుకోవాల్సిందేనా అని.

మారుతుంది. మా ఇంట్లో నాకూ మారింది, మా వారికీ మారింది. కానీ అన్ని రుచులూ ఒకే వేగంతో మారవు. అన్నిటికన్నా ముందు ఉప్పు దారికొస్తుంది. నూనె ఆ తర్వాత. తీపి చాలా నెమ్మది, అదీ సగమే. కొన్ని ఇష్టాలైతే అసలు కదలవు. ఏది మారుతుందో ఏది మారదో ముందే తెలిస్తే మధ్యలో నీరసపడి వదిలేయరు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది గుంటూరు వైపు. ఆదివారం మాంసం కూర, మిగతా రోజుల్లో పప్పులోకి వడియాలో ఊరమిరపకాయలో, మొదటి ముద్దల్లోకి నెయ్యి, చివర గడ్డపెరుగు. కూర లేకపోయినా సర్దుకునేవాళ్ళం గానీ, పచ్చడి లేకపోతే భోంచేసినట్టే ఉండేది కాదు. మా వారికి బీపీ, కొలెస్టరాల్ రెండూ పెరిగాయి. నాకు షుగర్ వచ్చే ముందు దశ అన్నారు. ఉప్పు, నూనె తగ్గించమన్నది డాక్టరు గారు. మాంసం, పాలు కూడా మానేద్దామన్నది మా ఇద్దరి నిర్ణయం. మా అత్తయ్య మాత్రం పెరుగు మానలేదు, మేమూ మానమని అడగలేదు. ఒకే వంటింట్లో రెండు రకాల వంట నడిచింది, ఇప్పటికీ నడుస్తోంది.

ముందు ఉప్పు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయినా, మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అయినా పెద్దవాళ్ళకు రోజుకు 5 గ్రాములకు మించొద్దనే చెబుతున్నాయి. అంటే సుమారు ఒక టీస్పూను. అందులోనే పచ్చడి, అప్పడం, కారప్పొడి, బయట కొన్న మిక్చరు అన్నీ రావాలి. మనవైపు అలవాట్లతో చూస్తే ఇది చాలా తక్కువ. ఎందుకంటే మనం అన్నం ఉప్పు లేకుండా వండుతాం, ఆ చప్పటి అన్నం అంతటికీ సరిపోయేలా కూరలో ఉప్పు దట్టిస్తాం. ఈ లెక్క అర్థమయ్యాక మా ఇంట్లో ఒక మార్పు చేశాం. కంచంలో అన్నం సగానికి తగ్గించి, కూర కాస్త ఎక్కువ వేసుకోవడం మొదలుపెట్టాం. కూరలో ఉప్పు సగం తగ్గించినా అంతగా తేడా తెలియలేదు. మీరు ఇంకా పాత కొలతల్లోనే అన్నం పెట్టుకుని, తక్కువ ఉప్పు కూరతో కలుపుకుంటుంటే చప్పగా అనిపించడంలో వింతేమీ లేదు. ముందు అది సరిచేసుకోండి.

నాలుక మీది రుచి కణాలు పది రోజులకోసారి కొత్తవి వస్తాయి కాబట్టి రెండు మూడు వారాల్లో అంతా మారిపోతుందని చాలామంది చెబుతుంటారు. కణాలు కొత్తవి రావడం నిజమే. అయితే ఆ కణాలు అందరికీ ఎప్పుడూ మారుతూనే ఉంటాయి, ఆవకాయ తింటున్న వాళ్ళకూ మారతాయి. ఇష్టం మారేది కణాల వల్ల కాదు, అలవాటు వల్ల. దానికి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. 1982లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, రుచి, వాసనల మీద పనిచేసే మోనెల్ పరిశోధన కేంద్రం వాళ్ళు, ఐదు నెలల పాటు ఉప్పు తగ్గించి తిన్నవాళ్ళను పరీక్షిస్తే, వాళ్ళకు నచ్చే ఉప్పు మోతాదే తగ్గిపోయింది. అదే బృందం తర్వాత ఇంకో సంగతి తేల్చింది. ఎక్కువ ఉప్పును ఆహారంలో కలిపి తినిపిస్తే ఇష్టం పెరిగింది, అదే ఉప్పును మాత్రలుగా మింగిస్తే పెరగలేదు. అంటే లెక్క ఒంట్లోకి వెళ్ళే ఉప్పుది కాదు, నోటికి తగిలే ఉప్పుది. అందుకే మధ్యాహ్నం చప్పటి కూర తిని, సాయంత్రం చిప్స్ ప్యాకెట్ విప్పితే నాలుక ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అన్నట్టు ఉంటుంది. మా అనుభవంలో మొదటి నెల కష్టం. రెండో నెలలో కూర గురించి ఫిర్యాదులు ఆగిపోయాయి. ఆ తర్వాత ఒకరోజు చుట్టాల పెళ్ళిలో పప్పు నోట్లో పెట్టుకుంటే, పప్పు రుచి కన్నా ముందు ఉప్పే తగిలింది. ఆ రాత్రి ఇద్దరం మంచినీళ్ళు తాగుతూనే ఉన్నాం. అంతకుముందు అలాంటి పప్పునే మారు వడ్డించుకుని తినేవాళ్ళం.

ఉప్పు లేని వంట అనగానే మన రాష్ట్రాల్లో అందరికీ మంతెన సత్యనారాయణరాజు గారు గుర్తొస్తారు. ఆయన మాట విని ఉప్పు పూర్తిగా మానేసినవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు. మేం అంత దూరం వెళ్ళలేదు. వారానికి కొంచెం చొప్పున తగ్గిస్తూ వచ్చాం. ఉద్యోగాలు, పిల్లలు, వచ్చేపోయే చుట్టాలు ఉన్న ఇంట్లో ఇదే నిలబడుతుందని నా నమ్మకం.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగానికి వస్తాను. ఉప్పు, నూనె వెనక్కి జరిగాక కూరగాయ ముందుకొస్తుంది. బీరకాయే తీసుకోండి. ఇదివరకు నాలుగు గరిటెల నూనెలో ఉల్లికారంతో వేయించేదాన్ని, అప్పుడు తిన్నది నిజానికి ఉల్లి, కారం, నూనె. ఇప్పుడు లేత బీరకాయను ఈనెలు మాత్రం గీసి ముక్కలు కోసి, మందపాటి గిన్నెలో చుక్క నీరు కూడా పోయకుండా మూతపెట్టి సన్నటి సెగ మీద ఉంచుతాను. ఐదు నిమిషాల్లో గిన్నె అడుగున దాని నీళ్ళే ఊరతాయి. ఆ నీళ్ళలోనే అది మగ్గుతుంది. చివర్లో వేయించి దంచిన నువ్వులపొడి, రెండు పచ్చిమిర్చి, దించేముందు చిటికెడు ఉప్పు. ఉప్పు చివర్లో పైపైన పడితే నాలుకకు నేరుగా తగులుతుంది, కొంచెంతోనే సరిపోతుంది. ఆ కూరలో బీరకాయ తియ్యగా ఉంటుంది. ఇన్నేళ్ళూ వండుతున్నా దానికి ఆ తీపి ఉందని నాకు తెలియదు. సొరకాయ, లేత వంకాయ, గోరుచిక్కుడు, అన్నిటిదీ ఇదే సంగతి. మార్కెట్లో ముదురు కాయ దొరికినప్పుడు మాత్రం ఈ పద్ధతి పనిచేయదు, ముదురుతనాన్ని దాచడానికి నూనె, కారం లేవు కదా. అందుకే ఇప్పుడు కాయ గిల్లి చూడకుండా కొనను.

నూనె విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. 1993లో అచ్చయిన ఒక అధ్యయనంలో, పన్నెండు వారాలు కొవ్వు తగ్గించి తిన్నవాళ్ళను రెండు రకాలుగా చూశారు. కొవ్వు రుచి ఇచ్చే నకిలీ పదార్థాలు వాడుతూ తగ్గించినవాళ్ళకు ఇష్టం మారలేదు. ఆ రుచే తగలకుండా తగ్గించినవాళ్ళకు మారింది. ఇది చదివాక మా ఇంట్లో జరిగింది నాకు అర్థమైంది. మొదట్లో మా వారు మీల్‌మేకర్‌ను మాంసం మసాలాలో నూనె తేలేలా వండించుకునేవారు. అది తిన్నప్పుడల్లా మాంసమే గుర్తొచ్చేది, ఇది దానికి సరిరాదని బాధపడేవారు. అది ఆపి, ఉలవచారు, అలసందల కూర, చింతచిగురు పప్పు లాంటివి, అంటే పుట్టుకతోనే మాంసంతో పోలిక లేనివి వండడం మొదలుపెట్టాక ఆ ఆరాటం తగ్గింది. కాబట్టి కనీసం మొదటి మూడు నెలలు మాంసం లాంటివి, వెన్న లాంటివి, చీజ్ లాంటివి వెతుక్కోకండి.

నూనె లేకుండా పోపు ఎలా అని అడుగుతారు. మూకుడు బాగా కాలనిచ్చి ఆవాలు వేసి మూతపెడితే చిటపటలాడతాయి. సెగ తగ్గించి జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు వేస్తే చాలు. ఉల్లిపాయలు వేగేటప్పుడు అడుగంటబోతే రెండు చెంచాల నీళ్ళు చల్లి కలపడమే. పల్లీలు, నువ్వులు, కొబ్బరి పొడిగా వేయించి కలుపుతాం కాబట్టి ఒంటికి కావలసిన కొవ్వు వాటిలోంచే వస్తుంది. ఆరు నెలల తర్వాత హోటల్లో తిన్న బిర్యానీ నాకు గుర్తుంది. అంగిటికి నూనె పొర అంటుకుపోయి ఎంత నీళ్ళు తాగినా పోలేదు. అదివరకు దాన్నే కమ్మదనం అనేదాన్ని.

తీపి దగ్గర మాత్రం మీకు ఉత్త భరోసా ఇవ్వలేను. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో మూడు నెలలు చక్కెర బాగా తగ్గించినవాళ్ళకు అదే పాయసం లాంటి పదార్థం ఇంకా తియ్యగా అనిపించింది. అయినా తీపి మీద ఇష్టం తగ్గలేదు. ఆంక్ష ఎత్తేయగానే మళ్ళీ తినడం పెంచేశారు. నా సంగతీ అంతే. ఇప్పుడు జామకాయ, సపోటా, చివరికి పచ్చి క్యారెట్ కూడా నాకు తియ్యగా తెలుస్తాయి. స్వీట్ షాపు జాంగ్రీ ఒక తునక చాలు, గొంతు పట్టేస్తుంది. కానీ సంక్రాంతికి అరిసెలు వండుతున్న వాసన వస్తే మనసు అటే పోతుంది, అందులో ఏ మార్పూ లేదు. బెల్లం మంచిదే కదా అని మోసపోకండి, నాలుక అలవాటు దృష్టిలో అదీ చక్కెరే. పండుగకు రెండు అరిసెలు తిని, మామూలు రోజుల్లో ఇంట్లో తీపి లేకుండా చూసుకోవడమే మేం చేస్తున్నది.

మారనివి ఇంకా ఉన్నాయి. కొత్తావకాయ కలిపే రోజు ఇల్లంతా ఆవఘాటు కమ్ముకుంటే నాకు ఇప్పటికీ నోరూరుతుంది. ఆవకాయకు ఉప్పు తగ్గించి పెట్టడం కుదరదు, తగ్గిస్తే బూజు పడుతుంది. అందుకే అది పాత కొలతలతోనే పెడుతున్నాం, కంచంలో మాత్రం వారానికి ఒకసారి, వేలితో తీసుకున్నంత. పక్కింట్లో చేపల పులుసు మరుగుతుంటే మా వారు ఇప్పటికీ ఆ వాసన గురించి మాట్లాడతారు. ఇవి నాలుకకు సంబంధించినవి కావు, చిన్నప్పటి ఇంటికి, మనుషులకు సంబంధించినవి. ఇంకా గుర్తొస్తోంది కాబట్టి నేను మారలేదేమో అని మీరు టెన్షన్ పడకండి. గుర్తు రావడం వేరు, అది లేకుండా అన్నం దిగకపోవడం వేరు.

మన వంటలో ఒక గొప్ప వసతి పులుపు. ఉప్పు తగ్గిన లోటును అది చాలావరకు తీరుస్తుంది. గోంగూర, చింతచిగురు, మామిడికాయ, చుక్కకూర, దబ్బకాయ, నిమ్మ, ఇన్ని రకాల పులుపులు మనకు ఏడాది పొడుగునా ఏదో ఒకటి దొరుకుతాయి. గోంగూరను ఉడికించి, కాల్చిన పచ్చిమిర్చి, వెల్లుల్లితో నూరి, పచ్చి ఉల్లిపాయ నంజుకుంటే ఉప్పు సగం ఉందన్న సంగతి మా అత్తయ్యే కనిపెట్టలేకపోయింది.

పెరుగు మానడం నాకు మాంసం మానడం కన్నా కష్టమైంది. వేరుశెనగ పెరుగు ప్రయత్నించండి. పల్లీలు రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, నీళ్ళతో మెత్తగా రుబ్బి వడకట్టి, ఆ పాలను అడుగంటకుండా కాచాలి. గోరువెచ్చగా ఉన్నప్పుడు నాలుగైదు పచ్చిమిర్చి తొడిమలు వేసి కదపకుండా ఉంచితే తోడుకుంటుంది. మొదటిసారి పలచగా వస్తుంది, దాన్నే తోడుగా వాడితే తర్వాత గట్టిపడుతుంది. పల్లీ వాసన మొదట్లో తెలుస్తుంది. మజ్జిగ చేసి అల్లం, కరివేపాకు, నిమ్మరసం వేస్తే ఆ వాసన అణుగుతుంది. ఇది పాల పెరుగు అవుతుందని చెప్పను. భోజనం చివర చల్లగా, పుల్లగా ఏదో ఒకటి కావాలన్న కోరిక మాత్రం తీరుతుంది.

చేదు అందరికీ ఒకలా తెలియదు, కొందరికి పుట్టుకతోనే ఎక్కువ తెలుస్తుంది. నాకు మెంతికూర, కాకరకాయ బెల్లం లేకుండానే నచ్చుతున్నాయి, మా వారికి కాకర ఇప్పటికీ దిగదు. పిల్లలను చేదు తినమని బలవంతం చేయొద్దు.

చివరగా, మీకు ఏ ఒక్క రుచో కాదు, అన్నీ చప్పబడిపోతే, నాలుక ఎర్రబడి మండుతుంటే, దాన్ని అలవాటు మీదికి నెట్టేయకండి. పాలు, మాంసం, గుడ్లు పూర్తిగా మానితే బీ12 విటమిన్ మాత్ర వేసుకోవాల్సిందే, అది మొక్కల ఆహారంలో నమ్మదగినంతగా దొరకదు. అది తగ్గితే నాలుక మంట వస్తుంది. జింక్ తగ్గితే రుచే మొద్దుబారుతుంది. పప్పులు, గింజలు నానబెట్టి, మొలకెత్తించి, పిండి పులియబెట్టి తింటే వాటిలోని జింక్ ఒంటికి బాగా పడుతుంది, మన ఇడ్లీ, దోసె పిండి చేసేది అదే. సోడియం తక్కువ ఉప్పు కొంటే, అందులో పొటాషియం ఉంటుంది కాబట్టి కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు, బీపీ మాత్రలు వాడేవాళ్ళు ముందు డాక్టరును అడగాలి. బీపీ, షుగర్ మాత్రలు వేసుకుంటూ ఇలా తిండి మార్చినవాళ్ళకు రీడింగులు తగ్గి మాత్రల మోతాదు మార్చాల్సి రావచ్చు. మా వారికి మార్చారు. మీరూ మాత్రలు వాడుతుంటే ఇంట్లో బీపీ రాసి పెట్టుకుని, వచ్చేసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ కాగితం తీసుకెళ్ళండి.