కెన్యా వెళ్తున్నారా? సూది సంగతి ముందు చూడండి

(విదేశీ ప్రయాణాల గురించి పాఠకుల ప్రశ్నలకు తిరుపతిలో టికెట్లు, వీసాల పని చేసే మా కాలమ్ రచయిత జవాబులు)

ప్రశ్న: మా అబ్బాయికి నైరోబీలో ఉద్యోగం. ఆగస్టులో నేనూ మావారూ వెళ్లి ఒక నెల ఉండి రావాలనుకుంటున్నాం. ఆయనకు 63, నాకు 57. ఇక్కడ ఒక ఏజెంట్ ఇద్దరికీ వీసా తీయడానికి ముప్పై వేలు అడుగుతున్నాడు. అబ్బాయేమో "అసలు వీసానే లేదమ్మా" అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి? ఆవకాయ, తిరుపతి లడ్డూలు తీసుకెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: మీ అబ్బాయి మాటే నిజమమ్మా. కెన్యా 2024 జనవరి నుంచి వీసా తీసేసి, దాని బదులు ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి పెట్టింది. మనిషికి 30 డాలర్ల పైచిలుకు అవుతుంది. ముప్పై వేలు ఎందుకో ఆ ఏజెంట్‌నే అడగండి, నేనూ వినాలి! కెన్యా ప్రభుత్వ సైట్ పేరు చివర 'డాట్ జీవో డాట్ కేఈ' అని ఉంటుంది. గూగుల్‌లో పైన కనిపించే సైట్లలో అచ్చం అలాగే ఉండి ఎక్కువ డబ్బు లాగేవి ఉన్నాయి, జాగ్రత్త. పాస్‌పోర్ట్ మొదటి పేజీ, ఫోటో, రానుపోను టికెట్, దిగే చోటు వివరాలు పెట్టాలి. మీరు హోటల్లో దిగరు కాబట్టి, అమ్మానాన్నలు నా దగ్గరే ఉంటారని అబ్బాయి రాసిన ఉత్తరం, అక్కడి అతని పర్మిట్ కాపీ జతచేయండి. పాస్‌పోర్ట్‌కు ఇంకా ఆరు నెలలైనా గడువుందో లేదో ఈరోజే చూసుకోండి. మన ఆడవాళ్ల పాస్‌పోర్టుల్లో చాలాసార్లు ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. మీదీ అలాగే ఉంటే టికెట్ తీయకముందే తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో సరిచేయించుకోవడం మేలు. టికెట్ మీద ఒక పేరు, పాస్‌పోర్ట్‌లో ఒక పేరు ఉంటే ఆ టెన్షన్ ఎయిర్‌పోర్ట్‌లో పడాల్సి వస్తుంది.

ఇంతవరకు సులువే. మీరిద్దరూ అడగని సంగతి ఇంకొకటి ఉంది, నాకు భయమంతా దాని గురించే. ఎల్లో ఫీవర్ టీకా. ఇండియా నుంచి నేరుగా వెళ్తే కెన్యా వాళ్లు దాన్ని అడగరు. అడిగేది మనవాళ్లే, అదీ తిరిగొచ్చేటప్పుడు. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాలంటూ మన ప్రభుత్వం పెట్టుకున్న జాబితాలో కెన్యా ఉంది. అక్కడి నుంచి దిగినవాళ్ల దగ్గర పసుపు రంగు టీకా పుస్తకం లేకపోతే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టే అధికారం ఎయిర్‌పోర్ట్ ఆరోగ్య అధికారులకు ఉంది. ఈ జబ్బు తెచ్చే దోమ మన ఊళ్లలో కావలసినన్ని ఉంది, జబ్బు మాత్రం ఇంకా మన దేశంలో అడుగుపెట్టలేదు. అందుకే ఆ పట్టుదల. నాకైతే అది న్యాయమే అనిపిస్తుంది.

ఈ టీకా ఊళ్లోని ఏ ఆసుపత్రిలో పడితే ఆ ఆసుపత్రిలో వేయరు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేయించుకోవాలి. చిత్తూరు నుంచి వెళ్లగలిగే వాటిలో ఒకటి చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్). రోజూ వేస్తారనుకుని బస్సెక్కకండి, ఏ రోజుల్లో వేస్తారో కనుక్కుని అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లండి. వేసిన పదో రోజు నుంచే సర్టిఫికెట్ చెల్లుతుంది. కాబట్టి జూలై నెల సగం దాటకముందే ఆ పని ముగించండి. ఒకసారి వేయించుకుంటే జన్మంతా సరిపోతుంది, 2016లో ఆ నియమం మారింది.

మీవారి వయసు 60 దాటింది కాబట్టి ఒక మాట. ఈ వయసులో మొదటిసారి ఈ టీకా వేసుకునేవాళ్లలో తీవ్రమైన దుష్ప్రభావాలు, అరుదుగానే అయినా, చిన్నవాళ్లకంటే ఎక్కువ. ముందు మీ డాక్టర్‌ను కలవండి. షుగర్, బీపీ మందుల చీటీలు వెంట తీసుకెళ్లి టీకా వేసేచోట కూడా చూపించండి. గుడ్డు పడనివాళ్లు ఆ సంగతి తప్పక చెప్పాలి, ఈ మందు తయారయ్యేది కోడిగుడ్లలోనే.

పుస్తకం చేతికి ఇవ్వగానే బ్యాగులో పెట్టేయకండి. పేరు, పాస్‌పోర్ట్ నంబర్ చేత్తో రాస్తారు. ఒక్కో అంకె పాస్‌పోర్ట్ పక్కన పెట్టి చూసుకోండి. డాక్టర్ సంతకం, టీకా బ్యాచ్ నంబర్, గుండ్రటి సీలు, మూడూ ఉండాలి. తప్పుంటే అక్కడే దిద్దించుకోండి. ముంబయిలో అర్ధరాత్రి దిగాక దిద్దేవాళ్లు ఉండరు.

ఇక ఆవకాయ. చేతి బ్యాగులో వద్దు, నూనె కారే పచ్చడిని సెక్యూరిటీలో పక్కన పెట్టేస్తారు. సీసా మూతకు టేపు చుట్టి పెద్ద సూట్‌కేసులో పెట్టండి. ఎండు కొబ్బరి చిప్పలు ఎందులోనూ వద్దు, అవి మంట అంటుకునే సరుకు కింద లెక్క. లడ్డూలు స్టీలు డబ్బాలో సర్దండి, పాలిథీన్ కవర్లలో చుట్టకండి. కెన్యాలో 2017 నుంచి ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషేధం, జరిమానాతో పాటు జైలు కూడా రాసి ఉంది. కస్టమ్స్‌లో అడిగితే డబ్బా మూత తీసి చూపించండి. బియ్యం, పప్పులు మాత్రం మోయకండి తల్లీ! నైరోబీ పార్క్‌లాండ్స్‌లో మనవాళ్ల దుకాణాలు తరాల నుంచి ఉన్నాయి. అక్కడి వాళ్ల ఉగాలి మొక్కజొన్న పిండితో చేస్తారు, చూడ్డానికి మన సంగటికి తెల్లచొక్కా తొడిగినట్టుంటుంది. మీకు ఇబ్బంది ఉండదు.

ప్రశ్న: ఆఫ్రికా కదా, కాటన్ బట్టలు చాలా? కెన్యాలోని మసాయి మారా అభయారణ్యం చూడాలని ఉంది, ఖర్చెంత?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: స్వెటర్ పెట్టుకోండి. నైరోబీ సుమారు 1,700 మీటర్ల ఎత్తులో ఉంది, జూలై, ఆగస్టుల్లో పొద్దున్నే మన హార్సిలీ కొండ చలి. మారాలో జంతువుల వలస చూడాలంటే జూలై నుంచి అక్టోబరు మంచి కాలం. అయితే జూలై నుంచి విదేశీయులకు ప్రవేశ రుసుమే రోజుకు 200 డాలర్లు, జనవరి నుంచి జూన్ వరకు 100. జీపు, గది వేరే. చేతిలో అంత లేకపోతే ఊరిని ఆనుకునే నైరోబీ నేషనల్ పార్క్ ఉంది. సింహం వెనక బహుళ అంతస్తుల భవనాలు కనిపిస్తాయి, నాకు అదే బాగా నచ్చుతుంది. మారాలో మలేరియా ఉంది, మాత్రల గురించి డాక్టర్‌ను ముందే అడగండి. ప్లగ్గులు ఇంగ్లండ్ రకం, అడాప్టర్ మర్చిపోకండి.

ప్రశ్న: నైరోబీలో సూపర్ మార్కెట్ ఉద్యోగం, ముందు ఈటీఏ మీద వచ్చేయ్, తర్వాత పర్మిట్ చూద్దాం అంటున్నాడు ఏజెంట్. లక్షన్నర కట్టమంటున్నాడు. వెళ్లొచ్చా?
– ఒక యువకుడు, మదనపల్లె

జవాబు: వెళ్లకు నాయనా. ఈటీఏ చూసి రావడానికి, ఉద్యోగం చేయడానికి కాదు. ఉద్యోగానికి వర్క్ పర్మిట్ కావాలి, దానికి దరఖాస్తు నడిపించాల్సింది నిన్ను తీసుకునే కంపెనీ. పట్టుబడితే ఏజెంట్‌కు ఏమీ కాదు, నిన్నే పంపించేస్తారు. అతను విదేశాంగ శాఖ ఇ-మైగ్రేట్ సైట్‌లో నమోదైన ఏజెంటేనా కాదా అన్నది నువ్వే వెతికి చూడు, అతను చూపించే కాగితం నమ్మకు. పాస్‌పోర్ట్ అతని దగ్గర ఉంటే డబ్బు మాటలు తర్వాత, ముందు వెళ్లి అది తెచ్చుకో.