పదో తరగతి వస్తోందని స్కౌట్స్ అండ్ గైడ్స్ మానిపించాలా?

ప్రశ్న: మాది ఏలూరు దగ్గర పల్లె. మా అమ్మాయి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిదో తరగతి. ఆరో తరగతి నుంచి స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో ఉంది, అందులో ద్వితీయ సోపాన్ అనే మెట్టు అయిపోయింది. ఈ ఏడు తృతీయ సోపాన్ అంటున్నారు, దానికి క్యాంపులో రాత్రులు ఉండాలట. మా వారికి ఇష్టం లేదు. "పదో తరగతి ముందు పెట్టుకుని ఈ తాళ్లకు ముళ్లు వేయడాలు, జెండా పాటలు ఎందుకు? ఎన్‌సీసీ అయితే ఉద్యోగానికైనా పనికొచ్చేది" అంటారు. టీచరుగారేమో రైల్వేలో ఉద్యోగం వస్తుందంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: అమ్మా, ముందు రైల్వే సంగతి తేల్చేద్దాం. మీ ఇంట్లో వాదన అంతా దాని చుట్టూనే తిరుగుతున్నట్టుంది.

టీచరుగారు అబద్ధం చెప్పలేదు, కాకపోతే సగమే చెప్పారు. రైల్వేల్లో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా ఉన్న మాట నిజం. సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వేతో సహా ఏ జోన్‌కా జోన్ నోటిఫికేషన్ ఇచ్చుకుంటుంది. ఉండేవి లెవెల్ 1, లెవెల్ 2 పోస్టులు, అంటే కింది స్థాయివి. రాత పరీక్షకు 60 మార్కులు, సర్టిఫికెట్లకు 40. ఇంతవరకు బాగానే ఉంది. కానీ దరఖాస్తు పెట్టాలంటేనే రాష్ట్రపతి అవార్డు అందుకున్న గైడ్ గానీ, రేంజర్ (కాలేజీ వయసు గైడ్) గానీ అయి ఉండాలి, లేదా పెద్దయ్యాక చేసే నాయకత్వ శిక్షణ హిమాలయన్ వుడ్ బ్యాడ్జ్ ఉండాలి. అది ఉన్నా చాలదు. దరఖాస్తు నాటికి వెనక ఐదేళ్లుగా సంస్థలో చురుగ్గా ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. జాతీయ స్థాయి కార్యక్రమాలు రెండు, రాష్ట్ర స్థాయివి రెండు చేసి ఉండాలి. ఇన్నీ దాటి వెళితే అక్కడ ఉండేది చాలా కొద్ది పోస్టులు. ఇప్పుడు ఎనిమిది చదివే పిల్లకు డిగ్రీ వయసులో ఎదురయ్యే పరీక్ష అది. దాని మీద ఆశ పెట్టుకుని గైడ్స్‌లో ఉంచితే రేపు మీరూ నిరాశ పడతారు, పిల్లా నిరాశ పడుతుంది. అలాగని ఆ తలుపు ఇప్పుడే మూసేయాల్సిన పనీ లేదు. దాన్ని తెరిచి ఉంచడానికి ఏం చేయాలో కింద చెబుతాను.

ఏపీలో ఇంజినీరింగ్, ఫార్మసీ సీట్లిచ్చే ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో స్పెషల్ కేటగిరీల కింద ఎన్‌సీసీ, స్పోర్ట్స్‌తో పాటు స్కౌట్స్ అండ్ గైడ్స్‌కీ చోటుంది. అందులోనూ సీట్లు స్వల్పమే, ప్రాధాన్యం పెద్ద అవార్డులదే. ఆ ఏటి నోటిఫికేషన్ చూసుకుని అప్పుడు దరఖాస్తు చేసుకోవచ్చు. ఇప్పటి నుంచే దాని గురించి టెన్షన్ వద్దు.

ఇక ఎన్‌సీసీ. మీ వారు అన్నదాంట్లో న్యాయం ఉంది. సైన్యంలో ఆఫీసర్ కావాలనుకునే వాళ్లకు ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్ నిజంగా పనికొస్తుంది. డిగ్రీ పూర్తయ్యాక రాత పరీక్ష లేకుండా నేరుగా ఎస్ఎస్‌బీ (సైన్యంలో ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు) ఇంటర్వ్యూకు పిలిచే దారి ఒకటుంది. కానీ ఆ 'సి' సర్టిఫికెట్ వచ్చేది కాలేజీలో, సీనియర్ విభాగంలో. మీ అమ్మాయి డిగ్రీలో చేరాక ఎన్‌సీసీ ఉన్న కాలేజీ చూసుకుంటే సరిపోతుంది. ఈ రోజు గైడ్స్‌లో ఉన్నంత మాత్రాన రేపటి ఎన్‌సీసీ ఎక్కడికీ పోదు. మీ స్కూల్లో ఎన్‌సీసీ యూనిట్ ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఇప్పుడు ఆ పోలికే అనవసరం. ఇంకో మాట. ఎస్ఎస్‌బీలో గ్రూప్ టాస్కులని ఉంటాయి. చెక్క పలకలు, తాళ్లు, కర్రలు ఇచ్చి జట్టంతా అడ్డంకి దాటండి అంటారు. మీ వారు ఎగతాళి చేస్తున్న ఆ ముళ్లు అక్కడ అక్కరకొస్తాయి.

సర్టిఫికెట్ల లెక్క అంతే. ఇంత చిన్న లెక్క కోసమైతే నేనూ మానిపించమనే చెప్పేవాణ్ణి. కానీ మానిపించొద్దంటున్నాను, కారణం వేరే.

ఇంటర్ అయిన పిల్లలు నా దగ్గరికి వస్తే మార్కుల కంటే ముందు ఒక ప్రశ్న అడుగుతాను: "నువ్వు సొంతంగా బాధ్యత తీసుకుని పూర్తి చేసిన పని ఒకటి చెప్పు." తొంభై శాతం పైన మార్కులు తెచ్చుకున్న వాళ్లు కూడా చాలామంది గోడ వంక చూస్తారు. వాళ్ల తప్పేం కాదు, మనం వాళ్లకు ఏ పనీ అప్పగించం కదా. ఒకసారి ఒక అమ్మాయి మాత్రం తడుముకోకుండా చెప్పింది. క్యాంపులో తను పెట్రోల్ లీడరట, అంటే ఓ చిన్న జట్టుకు నాయకురాలు. సాయంత్రం వాన పడి కట్టెలన్నీ తడిశాయి. ఏడుగురికి అన్నం వండాలి. ఇద్దరిని ఎండుపుల్లల కోసం పంపి, ఒకరిని టెంట్ చుట్టూ కాలువ తీయమని, తను మాత్రం చెప్పు కింద కూర్చుని మూడు అగ్గిపెట్టెలు ఖర్చు పెట్టి పొయ్యి వెలిగించిందట. నోరు జారినట్టు తెలిసి "చెప్పు కింద కాదు సార్, చెట్టు కింద" అని తనే నవ్వేసింది. అన్నం మాడిపోయిందని కూడా చెప్పింది. ఆ మాడిన అన్నం సంగతి చెప్పింది చూశారా, దాంతోనే ఆ పిల్ల మీద నమ్మకం కుదిరింది.

స్కౌటింగ్‌లో ఆరుగురి నుంచి ఎనిమిది మంది దాకా ఉండే ఈ పెట్రోల్ పద్ధతే అసలు సరుకు. మిగతాదంతా దాని చుట్టూ అల్లినదే. 1907లో స్కౌటింగ్‌కు మూలపురుషుడైన బేడెన్ పావెల్ ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో పెట్టిన మొదటి క్యాంపులో ఉన్నది సుమారు 20 మంది పిల్లలు. డబ్బున్న వాళ్ల బడుల్లో చదివే వాళ్లనీ, మామూలు ఇళ్ల పిల్లల్నీ కలిపి జట్లుగా విడదీశాడాయన. మన పల్లెల్లో ఈ కలపడం విలువ ఎంతో నేను వేరే చెప్పక్కర్లేదు. ఏ వీధి పిల్ల అని అడగకుండా ఒకే గిన్నెలో వండుకుని తినడం, వంతులు వేసుకుని గిన్నెలు తోమడం పదమూడేళ్ల వయసులో అలవాటైతే రేపు హాస్టల్లో, ఆఫీసులో ఆ పిల్లకు కొత్తగా నేర్పాల్సింది ఉండదు.

విలువల గురించి కూడా ఒక మాట. స్కౌట్ గైడ్ నియమాలు తొమ్మిది. మీ అమ్మాయికి కంఠతా వచ్చే ఉంటాయి, అది గొప్పేం కాదు. ప్రజల ఆస్తిని కాపాడటం, పొదుపు, మర్యాద, ప్రాణుల పట్ల స్నేహం అన్నీ అందులో ఉన్నాయి. గైడ్స్‌లో ఉన్న పిల్ల క్లాసులో బెంచీ మీద కంపాస్ ముల్లుతో పేరు చెక్కుతుందా, వీధి కుళాయి కారుతుంటే కట్టేసి వస్తుందా అని చూడండి. రోజుకో మంచి పని చేయాలని వాళ్లకో ఆనవాయితీ ఉంది. రాత్రి భోజనాల దగ్గర "ఇవాళ ఏం చేశావ్?" అని మీ వారినే అడగమనండి. వారం రోజులు అడిగితే ఆయన అభిప్రాయం కొంత మారొచ్చు. మారకపోయినా కూతురితో మాట్లాడటానికి ఓ విషయం దొరుకుతుంది.

ఇప్పుడు ప్లానింగ్. మీ అసలు భయం పదో తరగతి కాబట్టి ఇది కాస్త వివరంగా చెబుతాను.

ప్రవేశ్, ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపాన్‌లు, రాజ్య పురస్కార్, రాష్ట్రపతి అవార్డు అనేది వరస. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు నెలల గడువు ఉంటుంది, తొందరపడినా దూకలేరు. ఆలస్యం చేస్తే మాత్రం అన్నీ పదో తరగతిలో మీద పడతాయి. కాబట్టి తృతీయ సోపాన్ ఈ ఎనిమిదిలోనే అయిపోవాలి. రాజ్య పురస్కార్ తొమ్మిదిలో. పదో తరగతిలో క్యాంపులేవీ పెట్టుకోవద్దు. వారానికో గంట జరిగే గైడ్స్ మీటింగ్‌కు వెళితే చాలు, అదీ డిసెంబర్ దాకా. మార్చిలో పబ్లిక్ పరీక్షలు కదా.

ఏడాదిలో ఏ కాలం ఎందుకు పనికొస్తుందో చూసుకుంటే సగం గొడవ తగ్గుతుంది. జూన్, జూలైలో వానలు మొదలవుతాయి, మొక్కలు నాటే పని, కొత్త పిల్లల్ని చేర్చుకునే పని అప్పుడే. ఆ రోజుల్లో బయట క్యాంపు పెట్టడం దండగ. ఆ రెండు నెలలూ ప్రథమ చికిత్స, ముళ్లు, మ్యాపు చదవడం స్కూల్ వరండాలోనే నేర్చుకోవచ్చు. ఆగస్టు 15 పరేడ్ ఎలాగూ ఉంటుంది. దసరా సెలవుల్లో చిన్న హైక్ (కాలినడక యాత్ర) పెట్టుకోవచ్చు. నవంబర్ 7 భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడిన రోజు, 1950 నాటిది. ఆ రోజున పిల్లలు జెండా స్టిక్కర్లు అమ్ముతారు. మీ అమ్మాయిని కూడా అమ్మనివ్వండి. ఇల్లిల్లూ తిరిగి పది రూపాయలు అడిగి లెక్క అప్పజెప్పడం ఏ పాఠంలోనూ లేదు. రాత్రి క్యాంపులకు మన వైపు నవంబర్ నుంచి జనవరి మధ్య రోజులే మంచివి. చలి ఉంటుంది గానీ వాన బెడద, పాముల బెడద తక్కువ. సంక్రాంతి ముందు వారం మాత్రం వద్దనండి, పిల్లల మనసంతా ముగ్గుల మీదే ఉంటుంది. ఫిబ్రవరి 22 థింకింగ్ డే, బేడెన్ పావెల్ పుట్టినరోజు. ఆ తర్వాత పుస్తకాలు తీయాల్సిందే. ఎండాకాలంలో బస్టాండు దగ్గర చలివేంద్రం లాంటి సేవ చాలు.

సేవ అంటే గుర్తొచ్చింది. తిరుమల బ్రహ్మోత్సవాల్లో భక్తులకు సాయపడే స్కౌట్స్, గైడ్స్ పిల్లల్ని మీరు చూసే ఉంటారు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. మీ జిల్లా పక్కనే గోదావరి. అలాంటి చోట తప్పిపోయిన పిల్లల్ని అప్పగించే కౌంటర్‌లో ఒక్క రోజు నిలబడినా చాలా నేర్చుకుంటుంది. అయితే అప్పటికి ఏ తరగతిలో ఉంటుందో లెక్క చూసుకుని, గైడ్స్‌ను చూసుకునే టీచరు (గైడ్ కెప్టెన్), స్కూల్ ఇద్దరూ సరేనంటేనే.

పదో తరగతి తర్వాత చాలామంది పిల్లలు మానేస్తారు. రైల్వే కోటా చేజారేది అక్కడే. రాష్ట్రపతి అవార్డు గైడ్‌గా అందకపోతే కథ అయిపోయినట్టు కాదు. కాలేజీ వయసులో రేంజర్‌గా చేరితే అక్కడ ప్రవేశ్, ప్రవీణ్, నిపుణ్ దాటి రాష్ట్రపతి రేంజర్ దాకా వెళ్లొచ్చు, 25 ఏళ్ల దాకా సమయం ఉంటుంది. ఐదేళ్లు చురుగ్గా ఉండాలన్న షరతు కూడా ఇలాగే నెరవేరుతుంది. ఇంటర్ రెండేళ్లలో కార్పొరేట్ కాలేజీలో చేరిస్తే మాత్రం ఇవేవీ కుదరవు. అది తెలిసే నిర్ణయం తీసుకోండి.

సర్టిఫికెట్లు మీ దగ్గరే ఉంచుకోండి. నేను స్కౌట్‌గా ఉన్నప్పుడు మావన్నీ "భద్రంగా ఉంటాయి" అని స్కూల్ బీరువాలో పెట్టించారు. మూడేళ్ల తర్వాత అడిగితే బీరువా ఉంది, చెదలు ఉన్నాయి, సర్టిఫికెట్లు లేవు. ప్రతి సోపాన్ సర్టిఫికెట్, క్యాంపు హాజరు కాగితం, చేసిన పనులు రాసుకునే లాగ్ బుక్ ఒక ఫైల్లో పెట్టి, ఫోన్లో ఫొటో తీసి ఉంచండి. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే ఉన్నాయో ఇప్పుడే చూడండి.

మానిపించమని నేను చెప్పే సందర్భం ఒకటుంది. ఏడాది పొడవునా ఒక్క హైకూ లేక, ఒక్క ముడీ నేర్పక, మీటింగులకు ఎవరైనా పెద్దలు వచ్చినప్పుడు ఎండలో వరసగా నిలబెట్టడానికే పిల్లల్ని వాడుకుంటుంటే అది గైడ్స్ కాదు. మీ అమ్మాయి లాగ్ బుక్ తిరగేస్తే ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

చివరికి క్యాంపు. ఆడపిల్లను రాత్రుళ్లు పంపడమంటే ఏ తండ్రికైనా బెంగే, దాన్ని తీసిపారేయకండి. గైడ్ కెప్టెన్‌ను మీరిద్దరూ కలిసి వెళ్లి కలవండి. రాత్రి పిల్లలతో పాటు పడుకునే ఆడ టీచర్లు ఎంతమంది? మరుగుదొడ్లు ఎంత దూరం, అక్కడ లైటు ఉందా? తాగే నీళ్లు ఎక్కడివి? నెలసరి వస్తే ఎవరికి చెప్పాలి? జ్వరం వస్తే దగ్గర్లో ఆసుపత్రి ఏది? వీటికి కెప్టెన్ విసుక్కోకుండా జవాబు చెబితే అనుమతి పత్రం మీద మీ వారితోనే సంతకం పెట్టించండి. ఏ ఒక్కదానికైనా "చూద్దాంలెండి" అంటే ఈసారికి ఆపండి, తర్వాతి క్యాంపు ఎప్పుడో అడిగి తెలుసుకోండి.

పంపేటప్పుడు టార్చ్, దుప్పటి, ఒక జత బట్టలు ఎక్కువే పెట్టండి. పళ్లెం, గ్లాసు మీద పేరు చెక్కించండి. క్యాంపుల్లో అన్నిటికంటే ముందు మారిపోయేవి అవే.