రంగు చిక్కగా ఉన్నంత మాత్రాన జనం ఎక్కువని కాదు

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని ఫ్రిస్కోలో ఉంటోంది. అక్కడ హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) జనాభా ఏ కౌంటీలో (మన జిల్లా వంటిది) ఎంత శాతమో చూపే పటం ఒకటి పంపింది. అందులో మెక్సికో సరిహద్దున ఉన్న స్టార్ కౌంటీ చిక్కటి ఎరుపులోనూ, హ్యూస్టన్ నగరమున్న హారిస్ కౌంటీ అంతకన్నా లేతగానూ ఉన్నాయి. అంటే హిస్పానిక్ జనం నగరాల్లో తక్కువనా? పైగా పటం కింది పట్టికలో శ్వేతజాతి, నల్లజాతి, ఆసియా, హిస్పానిక్ శాతాలన్నీ కూడితే నూరు దాటుతోంది. పొరపాటు ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: పొరపాటేమీ లేదు. మీ పటం శాతాన్ని చూపుతోంది, తలల లెక్కను కాదు. 2020 జనగణన ప్రకారం స్టార్ కౌంటీలో నూటికి 95 మందికి పైగా హిస్పానిక్‌లే అయినా, ఆ కౌంటీ మొత్తం జనాభా 66 వేల లోపే. హారిస్ కౌంటీలో వారి వాటా 43 శాతమే గానీ, అక్కడి జనాభా 47 లక్షలు దాటింది కనుక హిస్పానిక్‌లే 20 లక్షలకు పైగా ఉన్నారు. టెక్సాస్‌లో 254 కౌంటీలున్నాయి. వాటిలో లవింగ్ కౌంటీ జనాభా అప్పటికి కేవలం 64. ఇంత తేడా ఉన్న కౌంటీలకు శాతాన్ని బట్టి రంగులద్దితే కళ్లు మోసపోవడం సహజమే.

సరిహద్దు వెంబడి రంగు చిక్కబడడానికి పాత చరిత్ర కూడా ఒక కారణం. లారెడో పట్టణాన్ని స్పానిష్ పాలనలో 1755లోనే స్థాపించారు. అమెరికా, మెక్సికోల మధ్య 1848 నాటి ఒప్పందంతో రియో గ్రాండే నది సరిహద్దుగా ఖాయమయ్యేసరికి, ఆ తీరాన ఉన్నవారు ఇల్లు కదలకుండానే అమెరికా పాలన కిందికి వచ్చారు. 1953లో బళ్లారి జిల్లాను విడదీసినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, తక్కినవి మైసూరుకు చేరిన సంగతి మీ ప్రాంతం వారికి కొత్తగా చెప్పనక్కరలేదు. తరువాతి కాలంలో వచ్చిన వలసలు ఈ పాత పునాది మీద చేరినవే. అయితే అంతా సరిహద్దు మహిమే అనుకోకూడదు: ఉత్తరాన ఎంతో దూరంలో, పశువుల మేత యార్డులకు పేరుపడిన డెఫ్ స్మిత్ కౌంటీలోనూ హిస్పానిక్‌లదే ఆధిక్యం. అక్కడికి జనాన్ని రప్పించింది పని.

ఇక నూరు దాటిన లెక్క సంగతి. అమెరికా జనగణనలో జాతి ఒక ప్రశ్న, హిస్పానిక్ మూలం వేరొక ప్రశ్న. హిస్పానిక్ వ్యక్తి శ్వేతజాతిగానైనా, నల్లజాతిగానైనా, ఇతర జాతిగానైనా నమోదు కావచ్చు. కనుక ఒకే మనిషి మీ పట్టికలో రెండు వరుసల్లోనూ కనిపిస్తాడు. విడివిడిగా చూడాలంటే ‘హిస్పానిక్ కాని శ్వేతజాతి’ అన్న వరుసను వెతకండి. 2020లో రాష్ట్రం మొత్తం మీద వారు 39.7 శాతం, హిస్పానిక్‌లు 39.3 శాతం. ఆ గణనలో దేశవ్యాప్తంగా హిస్పానిక్‌లు దాదాపు 5 శాతం మేర లెక్కకు రాకుండా పోయారని జనగణన సంస్థే తరువాత అంచనా వేసింది గనుక, ఆ అర శాతం లోపు తేడాను పట్టుకుని వాదనకు దిగడం నా దృష్టిలో వృథా.

2024 మార్చిలో అమెరికా ప్రభుత్వం ఈ రెండు ప్రశ్నలను కలిపి ఒకటే చేయాలని నిర్ణయించింది. అది 2030 జనగణనలో అమలైతే, అప్పటి పట్టికను ఇప్పటి పట్టిక పక్కన పెట్టి నేరుగా పోల్చడానికి వీలుండదు.