మెస్సు ఆవిడ ఎక్కడికి పోయింది?

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ కథ అందింది. ప్రింటు తీసి పంపమంటే విసుక్కోకుండా పంపావు, సంతోషం. ఫోన్లో చదవడం నా కళ్ళ వల్ల కాదు. సినిమా బ్యానర్లు వేసే కుర్రాడు నిచ్చెన మీద నిలబడి హీరోగారి మీసం దిద్దే చోటు బాగా రాశావు. పొగడ్త ఇంతే.

ఇక నాకు కోపం తెప్పించిన సంగతి. తొమ్మిదో పేజీలో "మెస్సు ఆవిడ నాలుగు నెలలు డబ్బులు అడగలేదు" అని ఒక్క వాక్యం రాసి పేరా మార్చేశావు. ఆ తర్వాతి పేరాలోనే కుర్రాడు మాసబ్ ట్యాంక్ దగ్గర ఫైన్ ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూచుని "నాకు నా కుంచె తప్ప ఎవరూ లేరు" అనుకుంటాడు. ఎవరూ లేకపోవడమేమిటి నాయనా? ఆ పూట తిన్న అన్నం ఎవరు పెట్టారు? చివర్లో ఎగ్జిబిషన్ పెట్టావు, మంత్రిగారిని పిలిచావు, చప్పట్లు కొట్టించావు. ఆ జనంలో ఆవిడ ఉందేమోనని వెనక్కి తిప్పి మరీ చూశాను. లేదు.

ఈ మధ్య ఎవరి కథ చూసినా ఇదే వరస. వాడు ఒక్కడే పుట్టాడు, ఒక్కడే కష్టపడ్డాడు, ఒక్కడే గెలిచాడు. పేపర్లలో విజయగాథల పేజీలు, యూట్యూబులో మోటివేషన్ ఉపన్యాసాలు విని విని కథలు రాసేవాళ్ళకి కూడా అంటుకుంది. మనిషిని ఒంటరివాణ్ణి చేస్తే తప్ప పాఠకుడికి కన్నీళ్ళు రావని మీకెవరు చెప్పారో!

నీ కథానాయకుడు చిత్రకారుడు కాబట్టి నీకు దామెర్ల రామారావు గురించి తెలిసుండాలి. 1897లో రాజమండ్రిలో పుట్టాడు, 1925లో మశూచితో పోయాడు. ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. ఆ కాస్త కాలంలో వేసిన బొమ్మలు ఇవాళ్టికీ రాజమండ్రిలో ఆయన పేరు మీదున్న గ్యాలరీలో ఉన్నాయి. వాటి గురించి రాసేవాళ్ళు గీత గురించి, రంగు గురించి, ఆంధ్ర చిత్రకళ గురించి రాస్తారు. నాకు మాత్రం ఆ బొమ్మల ముందు నిలబడితే రైలు చార్జీలు గుర్తొస్తాయి.

ఎందుకంటే అక్కడి ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన ప్రిన్సిపాల్‌గా ఉండేవాడు. తనే బొమ్మలు వేసేవాడు, రాసేవాడు. కుర్రాడు రామారావు చేతిలో పనితనం ఉందని కనిపెట్టాడు. కనిపెట్టడం పెద్ద గొప్ప కాదు, ఊళ్ళో పదిమందికి కనిపించే ఉంటుంది. ఆయన భుజం తట్టి ఊరుకోకుండా 1916లో తన ఖర్చుతో బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి పంపించాడు. రైలు టిక్కెట్టు, అక్కడ ఉండడానికి చోటు, తిండి, రంగులు, కాగితాలు ఒక్కొక్కటీ లెక్కవేసుకో. ఇవన్నీ ఎవరో ఒకరి జీతంలోంచి పోవాలి. అడివి బాపిరాజుగారిని కూడా బొమ్మల వైపు తిప్పినవాడు ఈ దొరే. రామారావు పోయాక ఆయన స్నేహితుడు వరదా వెంకటరత్నంగారు ఆయన మొదలుపెట్టిన బొమ్మల బడిని నిలబెట్టారు, బొమ్మల్ని కాపాడారు. వెంకటరత్నంగారు కూడా చిత్రకారుడే, ఆయనకీ వేసుకోవాల్సిన బొమ్మలుంటాయి. ఈ సంగతి మీద ఓ నిమిషం ఆగు.

జీతమున్న దొర కాబట్టి చేశాడంటావేమో. సరే, తెలంగాణ రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి సంగతి చూడు. ఇళ్ళల్లో వంట చేశాడు, హోటల్లో సర్వరుగా చేశాడు, పత్రికలో ప్రూఫులు దిద్దాడు. అలాంటివాడు 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, ఇతరుల పుస్తకాలు అచ్చువేసి, తనే మోసుకుని తిరిగి అమ్మాడు. నిజాంకి ఎదురు తిరిగి నిజామాబాద్ జైల్లో పడ్డప్పుడు కవి దాశరథి ఆయనతోపాటే ఉన్నాడు. పళ్ళు తోముకోవడానికిచ్చిన బొగ్గుతో దాశరథి గోడ మీద పద్యాలు రాశాడని అందరూ చెప్తారు. 1949లో వచ్చిన తన కవితా సంపుటి 'అగ్నిధార'ని ఆళ్వారుస్వామికి అంకితమిచ్చాడని మాత్రం తక్కువమంది చెప్తారు. కటకటాల వెనక ఒక మనిషి పద్యం రాస్తుంటే పక్కన ఇంకో మనిషి ఉన్నాడు. ఆ పక్కనున్న మనిషి వైపు నుంచి ఒక్క కథ రాయి, చూస్తాను.

నా సంగతి చెప్పాలంటే, మేం తెనాలిలో అద్దెకున్న రోజుల్లో పక్క వాటాలో ఒక పిన్నిగారు ఉండేది. మా చంటాడు నిద్రపోడు, నన్ను పోనివ్వడు. మధ్యాహ్నం వంటిల్లు సర్దే వేళకి ఆవిడ వచ్చి వాణ్ణి చంకనేసుకుని పోయేది. మళ్ళీ మూడు గంటల కాఫీ వేళకి తెచ్చి ఇచ్చేది. ఆ మధ్యలో నేను రాసుకునేదాన్ని. నా మొదటి సంపుటిలో కథలన్నీ ఆ మధ్యాహ్నాల్లోవే. ఆవిడ వాటిలో ఒక్కటీ చదవలేదు. పత్రికలో కథ పడిందని చూపిస్తే "డబ్బులెంతిచ్చారే?" అని అడిగింది. చెప్తే, "ఈపాటికి అప్పడాలు ఒత్తినా వచ్చేవి" అంది. మర్నాడు మధ్యాహ్నం మామూలుగానే వచ్చి పిల్లాణ్ణి తీసుకుపోయింది.

ఆవిడ మీద కథ రాశాను. ఓ వారపత్రిక సంపాదకుడికి పంపాను. పేరు చెప్పను, ఆయన పోయి చాలాకాలమైంది, నా కోపం మాత్రం పోలేదు. పేజీలో ప్రకటన పడిందట, కథ కుదించాలట. ఏం కుదించాడో తెలుసా? పిన్నిగారిని! "ఆ పాత్ర వల్ల కథ నడక మందగిస్తోంది" అని కార్డు రాశాడు. అచ్చులో చూస్తే కథానాయిక కిటికీ దగ్గర కూచుని వాన చూస్తూ రాసేసుకుంటోంది. చంటివాడు ఏమయ్యాడో దేవుడికెరుక. అందుకే నీ తొమ్మిదో పేజీ చూడగానే నాకు ఒళ్ళు మండింది. ఆయన చేసిన పని నీ అంతట నువ్వే చేసుకున్నావు, ఏ సంపాదకుడూ అడగకుండానే.

సాయం చేసినవాళ్ళని రాయమంటున్నాను కదా అని ఆవిణ్ణి అన్నపూర్ణని చేసేయకు. అదింకో రోగం. మెస్సు ఎలా నడుస్తుందో వెళ్ళి కనుక్కో. బియ్యం బస్తా అప్పుకి తెస్తారు, గ్యాసు బండకి రొక్కం ఇవ్వాలి, కిరాణా కొట్లో ఆవిడకే బాకీ ఉంటుంది. నీ కుర్రాడి నాలుగు నెలల అన్నం ఆవిడ ఎక్కడో ఎగ్గొట్టో, తగ్గించో సర్దాలి. ఎవరికి తగ్గించింది? సొంత పిల్లల ట్యూషన్ ఫీజుకా? అడిగితే వీడు మెస్సు మారిపోతాడు, పాత బాకీ కూడా రాదనే లెక్క ఆవిడ మనసులో ఉండి ఉంటే మాత్రం తప్పేముంది? ఆ లెక్కా, వాడి బక్కమొహం చూసి కలిగిన జాలీ రెండూ కలిసే గరిటె పట్టుకుంటాయి. విడదీసి చూపించాలనుకోకు. నువ్వూ విడదీయలేవు, ఆవిడా విడదీయలేదు.

కుర్రాడి సంగతి కూడా అబద్ధంగా ఉంది. బాకీ ఉన్నవాడు మెస్సు ముందు నుంచి దర్జాగా నడుచుకుంటూ పోడు, వెనక సందులోంచి పోతాడు. జనం పల్చబడ్డాక వస్తాడు. రెండోసారి కూర అడగడు. ఆవిడ మామూలుగా మాట్లాడినా ఎత్తిపొడిచిందనుకుంటాడు. తీసుకోవడం ఇవ్వడమంత కష్టమైన పని. నీ కథలో వాడు తినేశాడంతే.

ఇక నువ్వు అడిగిన సన్మానాల విషయం. ఏ సంస్థ అవార్డుకి పంపితే మంచిదని అడిగావు. మా బీరువాలో రెండు అరలు శాలువాలున్నాయి, ఎండలు మండే ఊళ్ళో వీటిని ఏం చేసుకోవాలో ఒక్కరూ చెప్పలేదు. ఓ సభలో నాకు శాలువా కప్పారు, మెమెంటో ఇచ్చారు, "సరస్వతీ పుత్రిక" అన్నారు. సభ అయ్యాక ఆటో ఎక్కించేవాడు లేక నేనూ ఆ మెమెంటో బస్టాండు దాకా నడిచాం. కడపలో బ్రౌన్ దొర తెలుగు పండితుల్ని కూచోబెట్టి పుస్తకాలు సరిచేయించినప్పుడు సొంత డబ్బుతో నెల జీతాలిచ్చాడు. వేమన పద్యాలు 1829లో అచ్చయ్యాయంటే అలాంటి జీతాల మీదే. నిర్వాహకులకి ఈ మాట చెప్తే నవ్వి, ఇంకో శాలువా కప్పుతారు.

కలం పేరు పెట్టుకోవాలా, ఏ పత్రికకి పంపాలి, పోటీలకి రాయొచ్చా అని ఇంకా ఏవేవో అడిగావు. వాటికి మీ ఈడువాళ్ళని అడుగు, నాకు ఓపిక లేదు. కథ మాత్రం తొమ్మిదో పేజీ నుంచి మళ్ళీ రాయి. మంత్రిగారిని తీసెయ్. ఎగ్జిబిషన్ కూడా అక్కర్లేదేమో చూడు.

సంపుటికి ముందుమాట రాయమన్నావు. రాయను. ముందుమాటలు, ఆశీస్సులు, అభినందనలు కలిపి పాతిక పేజీలు వేస్తున్నారు ఈమధ్య, కథ మొదలయ్యేసరికి పుస్తకం సగం అయిపోతోంది. ఆ కాగితం ఖర్చు మిగుల్చుకుని, ప్రూఫులు దిద్దే మనిషికి పేజీకింత అని ముందే మాట్లాడుకుని ఇవ్వు. స్నేహం కొద్దీ చూసిపెట్టమని అడక్కు. రాతప్రతి మళ్ళీ పంపేటప్పుడు అక్షరాలు కాస్త పెద్దవి పెట్టించు.

ఉంటాను.