లేబర్ క్యాంపులో కండోమ్ డబ్బా ఖాళీ కాకపోతే

హైవే క్యాంపు ఆఫీసులో కండోమ్ డబ్బా పెట్టినా ఎవరూ తీసుకోవట్లేదని, పనిలో చేర్చుకునే ముందు అందరికీ హెచ్‌ఐవీ పరీక్ష చేయించమని కాంట్రాక్టర్ అంటున్నాడని రాశారు కదండీ. ముందు ఆ పరీక్ష ఆపించండి. 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం పని ఇవ్వడానికి దాన్ని షరతుగా పెట్టకూడదు. పైగా పని పోతుందన్న భయంతో, అనుమానం ఉన్నవాళ్లే దాక్కుంటారు.

సూపర్‌వైజర్ కళ్లెదుట డబ్బాలో చెయ్యి ఎవరు పెడతారు? మరుగుదొడ్ల దగ్గర, లారీలు ఆగేచోట నీడలో పెట్టండి. రేకుల షెడ్డు వేడికి రబ్బరు పాడవుతుంది కాబట్టి రెండు మూడు రోజులకు సరిపడానే నింపండి. కొబ్బరినూనె రాస్తే చిరిగిపోతుంది. ఈ మాట హిందీ, ఒడియా కూలీలకు వాళ్ల భాష వచ్చిన తోటిపనివాళ్ల చేతే చెప్పించండి.

ఐసీటీసీ (ప్రభుత్వ హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రం) వాళ్లను షిఫ్టు దిగాక పిలిచి, బీపీ, షుగర్‌తో కలిపి, ఇష్టమైనవాళ్లకే పరీక్ష పెట్టించండి. ఫలితం ఆ మనిషికే చెప్పాలి, మీకు కూడా వద్దు. నెగెటివ్ వచ్చినా ఈమధ్యే రిస్కు జరిగి ఉంటే మూడు నెలలకు మళ్లీ చేయించుకోవాలి. కండోమ్ చిరిగితే 72 గంటల్లోపే డాక్టర్ని కలవాలి, ఎంత తొందరగా వెళ్తే అంత మేలు. హెచ్‌ఐవీ సోకకుండా డాక్టర్ ఇచ్చే మందులు 28 రోజులు వాడాలి. హెచ్‌ఐవీ ఉండి ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే) మందులు వాడేవాళ్లు వేరే సైటుకు మారేముందు ఆ మందులిచ్చే సెంటర్‌లో ట్రాన్స్‌ఫర్ కాగితం తీసుకోవాలి. హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097 నంబరు డబ్బా మీదే రాయించండి.