మీ ప్రశ్నలు, మా జవాబులు: ఇంట్లో పరిమళాల టీ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు టీ గురించి పంపిన ప్రశ్నలకు ఈసారి శీర్షికను కేటాయిస్తున్నాం.

ప్రశ్న: హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి పండక్కి వస్తూ నాలుగు రకాల టీ పెట్టెలు తెచ్చింది. ఎర్ల్ గ్రే (నిమ్మజాతి పండు తొక్క పరిమళం పట్టించిన బ్లాక్ టీ), మల్లె పరిమళం పట్టించిన గ్రీన్ టీ, నిమ్మ–అల్లం, మందార. రోజూ పెట్టుకునే పద్ధతిలోనే పాలు, పంచదార వేసి మరిగించాను. మల్లె టీ చేదెక్కింది, మందార టీలో పాలు విరిగిపోయాయి. ఇవి మన నోటికి సరిపడవా, లేక పెట్టడంలో తేడా జరిగిందా?
– ఒక గృహిణి, బొబ్బిలి

జవాబు: తేడా అంతా పెట్టే పద్ధతిలోనే ఉందమ్మా. మనం రోజూ వాడే టీపొడి సీటీసీ రకం. ఆకును యంత్రాల్లో నలిపి, చీల్చి, గుండ్రని పలుకులుగా చుట్టే ఈ పద్ధతి 1930ల్లో అస్సాంలో రూపుదిద్దుకుంది. ఆ పలుకు గట్టి డికాషన్ త్వరగా ఇస్తుంది, పాలూ పంచదారా వేసి మరిగించినా దాని రుచి నిలబడుతుంది. పరిమళం పట్టించిన ఆకుకు అంత మరుగు పనికిరాదు. పువ్వులోనూ పండుతొక్కలోనూ ఉండే సువాసన తైలాలు వేడికి తేలికగా ఆవిరైపోతాయి. టీ మరుగుతున్నంతసేపూ వంటిల్లు ఘుమఘుమలాడిందంటే ఆ వాసన గ్లాసులో మిగలలేదనే అర్థం. పైగా గ్రీన్ టీ ఆకును మరిగించిన కొద్దీ అందులోని చేదు, వగరు పదార్థాలు మరింతగా దిగుతాయి. కాబట్టి మీకు దక్కవలసిన మల్లె వాసన గాలిలో కలిసిపోయి, అక్కర్లేని చేదు గిన్నెలో మిగిలింది.

మందార టీ సంగతి వేరు. అది మనం పూజకు కోసుకునే మందార పువ్వు కాదు. గోంగూర జాతిలోనే ఎర్రటి కండగల రకం ఒకటుంది. పువ్వు రాలిపోయాక కాయను చుట్టుకుని మిగిలే పుల్లటి రేకులను ఎండబెట్టి ఆ పేరుతో అమ్ముతారు. మన రెండు జిల్లాల్లోనూ నార కోసం పండించే గోగు దీనికి దగ్గరి చుట్టమే. ఆ పులుపు తగిలితే పాలలోని మాంసకృత్తులు గడ్డకట్టి విరిగిపోతాయి. నిమ్మకూ అంతే. కాబట్టి మీ నాలుగు పెట్టెల్లో పాలు తట్టుకోగలిగినది ఎర్ల్ గ్రే ఒక్కటే, అది కూడా చివర్లో ఒకటి రెండు చెంచాల పాలు మాత్రమే.

ఇక పెట్టే విధానం. ఒక కప్పుకు, అంటే 200 మిల్లీలీటర్ల నీటికి, 2 గ్రాముల ఆకు సరిపోతుంది. ఎర్ల్ గ్రే బ్లాక్ టీ కాబట్టి నీళ్లు తెర్లగానే దించి, ఆకు మీద పోసి, మూతపెట్టి 3 నుంచి 4 నిమిషాలు ఉంచి వడకట్టండి. మల్లె గ్రీన్ టీకి 75 నుంచి 80 డిగ్రీల వేడి చాలు. థర్మామీటరు లేకపోతే గిన్నె అడుగున ఆవగింజలంత బుడగలు లేచి, ఆవిరి పలచగా మొదలైనప్పుడు దించేయండి, 2 నిమిషాలకు మించి నాననివ్వకండి. మందార రేకులను తెర్లిన నీటిలో 5 నుంచి 7 నిమిషాలు ఉంచవచ్చు. నిమ్మ–అల్లం పెట్టె మీది పదార్థాల జాబితా ఒకసారి చదవండి. అందులో టీ ఆకు లేకపోతే కాస్త ఎక్కువసేపు నానినా అంతగా చేదెక్కదు, ఉంటే 3 నిమిషాలకే తీసేయాలి. మూత మాత్రం నాలుగింటికీ తప్పనిసరి.

మొదటి గుక్క పంచదార లేకుండా తాగండి. నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసరసంలో ఉండేలాంటి కమ్మదనం, ఈ ఐదే. మల్లె అనీ నిమ్మ అనీ మనం గుర్తుపట్టేది గొంతు వెనక నుంచి ముక్కుకు చేరే వాసనను బట్టే. ముక్కు మూసుకుని ఒక గుక్క మింగి, ఆ తరువాత వేళ్లు తీసి చూస్తే ఆ క్షణంలో మల్లె వాసన ఒక్కసారిగా తెలియడం మీరే గమనిస్తారు. ఇంట్లో పిల్లలు శబ్దం చేస్తూ తాగితే మందలిస్తాం గాని, టీ రుచి నిర్ణయించే నిపుణులు వృత్తిరీత్యా చప్పుడు చేస్తూనే జుర్రుతారు. గాలితో కలిసి లోపలికి వెళ్లినప్పుడే పరిమళం పూర్తిగా విచ్చుకుంటుంది.

ప్రశ్న: మా పెరట్లో గుండుమల్లె పొదలు వేసవి అంతా విరగబూస్తాయి. వాటితో మల్లె టీ ఇంట్లోనే తయారుచేసుకోవచ్చా? మార్కెట్లో దొరికేదానికి ఇది సాటి వస్తుందా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, టెక్కలి

జవాబు: తప్పకుండా చేసుకోవచ్చునండి. చైనాలో శతాబ్దాలుగా మల్లె టీకి వాడుతున్న పువ్వు మీ పెరట్లోని గుండుమల్లె జాతిదే. ఫుజియన్ రాష్ట్రంలోని ఫుజౌ నగరం ఈ టీకి పేరుపొందింది. అక్కడి మల్లె తోటలనూ తేయాకు సాగునూ కలిపి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2014లో ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. వారు చేసేదాంట్లో మనకు అందని రహస్యమేమీ లేదు. ఎండిన తేయాకు పక్కనున్న వాసనను పీల్చుకుంటుంది, మల్లెమొగ్గ రాత్రి విచ్చుకుంటూ వాసన వదులుతుంది. ఈ రెంటినీ ఒక రాత్రి కలిపి ఉంచడమే పని.

సాయంత్రానికి విచ్చుకోబోయే తెల్లటి, నిండు మొగ్గలను మధ్యాహ్నం దాటాక కోయండి. పచ్చగా, చిన్నగా ఉన్నవి విచ్చుకోవు, ఉదయమే విచ్చుకున్నవాటిలో వాసన అప్పటికే సగం పోయి ఉంటుంది. ఏ కలపడమూ లేని మంచి ఆకు రకం గ్రీన్ టీ తీసుకోండి, పొడి వద్దు. చీకటిపడి మొగ్గల కొసలు విడుతున్నప్పుడు ఒక వెడల్పాటి స్టీలు గిన్నెలో ఆకు ఒక వరుస, మొగ్గలు ఒక వరుసగా పేర్చండి. కొలతకు ఒక గ్లాసు ఆకుకు ఒక గ్లాసు మొగ్గలు చాలు. పలచటి నూలుగుడ్డ కప్పి, నిద్రపోయే ముందు ఒకసారి చేత్తో పైకీ కిందికీ కలపండి. తెల్లవారగానే రేకులు గోధుమరంగుకు తిరగకముందే పువ్వులన్నీ ఏరేయాలి. చాలామంది ఈ పనిలో బద్ధకిస్తారు. వాడిన పువ్వు ఆకులో ఉండిపోతే మల్లె వాసన పోయి, కుళ్లిన దండ వాసన పడుతుంది. పెట్టెల్లో వచ్చే మల్లె టీలో కనిపించే ఎండు పువ్వులు ఎక్కువగా కంటికి ఇంపు కోసం ఉంచినవే, పరిమళం ఆకులోనే ఉంటుంది.

పువ్వు నుంచి ఆకు వాసనతోపాటు తేమను కూడా పీల్చుకుంటుంది. అలాగే డబ్బాలో పోస్తే బూజు పడుతుంది. మందపాటి మూకుడును సన్నని సెగ మీద వేడిచేసి, పొయ్యి ఆర్పి, ఆ వేడిలో ఆకును చేత్తో కదుపుతూ, వేళ్ల మధ్య నలిపితే మళ్లీ పెళుసుగా విరిగేదాకా ఆరబెట్టండి. మాడు వాసన వచ్చిందంటే వేడి ఎక్కువైనట్టే. ఒక రాత్రికి వచ్చే పరిమళం లేతగా ఉంటుంది. కొత్త మొగ్గలతో మరో రెండు మూడు రాత్రులు ఇదే పని చేస్తే నిలకడ వస్తుంది. మేలురకాలకు చైనాలో ఏడెనిమిదిసార్లు కూడా ఇలా పట్టిస్తారు. ఇంట్లో చేసినదాన్ని కొన్ని వారాల్లోనే తాగేయడం మంచిది.

బజారులో మూరల లెక్కన కొనే పూలు దీనికి వాడవద్దు, వాటి మీద పురుగుమందు ఉండే అవకాశం ఉంది. వాసన బాగుందని కనిపించిన ప్రతి పువ్వునూ ప్రయత్నించకండి. గన్నేరు విషం. సోంపేట, ఇచ్ఛాపురం వైపు ఉన్నవారికి మొగలి అందుబాటులో ఉంటుంది. ఇచ్ఛాపురానికి ఆనుకునే ఉన్న ఒడిశాలోని గంజాం జిల్లా మొగలి అత్తరుకు ప్రసిద్ధి. దాని వాసన చాలా గాఢం కాబట్టి పావుకిలో బ్లాక్ టీకి వేలెడంత రేకు ముక్క ఒక్క రాత్రి ఉంచితే చాలు.

సాటి విషయానికి వస్తే, ఖరీదైన ఫుజౌ టీలోని మృదుత్వం ఇంట్లో రాకపోవచ్చు. అయితే విడిగా తయారుచేసిన పరిమళ ద్రవ్యాన్ని చల్లి అమ్మే చౌక మల్లె టీ కంటే మీరు చేసుకున్నది నిస్సందేహంగా మేలు.

ప్రశ్న: మా ఇంట్లో బోరు నీళ్లు. పాలు లేని టీ పెడితే పైన తెట్టులాంటి పొర కడుతోంది, రంగు కూడా మసకగా ఉంటోంది. ఆకు నాసిదా?
– డిగ్రీ విద్యార్థిని, చీపురుపల్లి

జవాబు: ఆకును నిందించనక్కరలేదు. నీటి కాఠిన్యమే కారణం. నీటిలోని సున్నపు లవణాలు టీలోని పదార్థాలతో కలిసి గాలి తగిలే చోట ఆ పొర కడతాయి, పరిమళాన్ని కూడా అణచివేస్తాయి. నీటిని ముందుగా బాగా మరిగించి, చల్లారనిచ్చి, అడుగున తెల్లటి మడ్డి పేరుకున్నాక పై నీటిని వంచుకుని వాడండి. లేదా మంచినీటి ప్లాంటు నుంచి తెచ్చుకునే నీటితో పెట్టండి. అయితే లవణాలన్నీ తీసేసిన నీటిలో టీ కొంచెం చప్పగా అనిపిస్తే, రెండు రకాల నీళ్లనూ తగినంత కలిపి చూడండి. బ్లాక్ టీలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే పొర పోతుంది, రంగు కూడా తేలికపడుతుంది.

ప్రశ్న: అల్లం, బెల్లం వేసిన పాల టీ మా ఇంట్లో అందరికీ ఇష్టం. ఒకరోజు బాగా వస్తుంది, ఒకరోజు విరిగిపోతుంది. పరిష్కారం చెప్పగలరు.
– పాఠకుడు, నరసన్నపేట

జవాబు: పచ్చి అల్లంలో పాలను విరిచే ఎంజైము ఉంటుంది. మరుగుతున్న నీటిలో అది నశిస్తుంది. కాబట్టి దంచిన అల్లాన్ని ముందుగా నీటిలో రెండు మూడు నిమిషాలు మరిగించి, తరువాత టీపొడి, ఆ తరువాత పాలు పోయాలి. బెల్లంలో, ముఖ్యంగా పాతబడి పులుపెక్కినదానిలో, ఆమ్ల గుణమూ లవణాలూ ఉంటాయి. మరుగుతున్న పాలలో వేస్తే విరగడానికి అవే కారణం. టీ దించి, వడకట్టి, ఒక నిమిషం ఆగి, గ్లాసులో తురిమిన బెల్లం వేసి కలపండి. యాలకులు కూడా దించేటప్పుడే దంచి వేసి మూతపెట్టాలి. మిరియం, లవంగం, దాల్చినచెక్క మాత్రం అల్లంతోపాటు మొదటే మరగాలి. వాటి సారం నెమ్మదిగా దిగుతుంది. తాటిబెల్లం దొరికినప్పుడు పాలు లేని అల్లం టీలో వేసి చూడండి, దానికి తగిన జోడీ అదే.

ప్రశ్న: ఆదివారం చుట్టాలందరం కలిసినప్పుడు నాలుగైదు రకాల టీలు వరసగా రుచి చూడాలనుకుంటున్నాం. ఎలా ఏర్పాటు చేసుకోవాలి?
– పాఠకురాలు, విజయనగరం

జవాబు: చాలా మంచి ఆలోచన. ఆవకాయ, ఇంగువ పోపు తిన్న నోటితో కాకుండా భోజనానికి రెండు గంటల ముందో, సాయంత్రం నాలుగింటికో పెట్టుకోండి. అగరువత్తి వెలిగించవద్దు, తలలో పూలు కూడా ఆ గంటసేపు పక్కన పెట్టమనండి. రంగు తెలియడానికి తెల్లటి చిన్న కప్పులు వాడండి. టీలను పోల్చి చూసేందుకు 100 మిల్లీలీటర్లకు 2 గ్రాముల ఆకు, 6 నిమిషాల నానబెట్టడం అని అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది. అది లోపాలు బయటపడేందుకు ఉద్దేశించిన గట్టి డికాషన్. ఇంట్లో ఆనందంగా తాగడానికి అందులో సగం ఆకు చాలు.

వరసలో తేలికైనది ముందు, గాఢమైనది వెనక. మల్లె గ్రీన్ టీతో మొదలుపెట్టి, ఎర్ల్ గ్రే, ఆపైన నిమ్మగడ్డి లేదా తులసి, చివర పుల్లటి మందార, మసాలా ఘాటు. మధ్యలో నోరు శుభ్రపడటానికి ఉప్పులేని మరమరాలు నాలుగు నమిలి, గోరువెచ్చని నీళ్లు తాగితే సరిపోతుంది. పొగలు కక్కుతుండగా రుచి తెలియదు. కాస్త చల్లారాక ఒకసారి, పూర్తిగా చల్లారాక ఇంకోసారి చూడండి. ఎర్ల్ గ్రేలో పరిమళం ఇటలీలోని కలాబ్రియా ప్రాంతంలో ఎక్కువగా పండే బెర్గమోట్ అనే నిమ్మజాతి పండు తొక్క నుంచి వస్తుంది. అసలు తైలం వాడినదైతే చల్లారినా తొక్క గిల్లినప్పటి తాజాదనం ఉంటుంది, నాసిరకమైతే సబ్బు వాసన మిగులుతుంది. పిల్లల కోసం శంఖపుష్పం టీ ఒకటి చేర్చండి. రుచి అంతంతమాత్రమే గాని, నీలం రంగు నీటిలో నిమ్మరసం పిండగానే ఊదాగా మారుతుంది.

ఎవరికి ఏది నచ్చిందో చెప్పేముందు ఎవరికి వారు కాగితం మీద రాసుకోమనండి. పెద్దాయన ముందుగా ఒక మాట అంటే మిగిలినవారి నాలుకలు ఆ మాట వెంటే వెళతాయి.

ప్రశ్న: నాకు రక్తహీనత ఉంది. టీ మానేయాలా? రాత్రిపూట ఏ టీ మంచిది?
– పాఠకురాలు, రాజాం

జవాబు: ఆకుకూరలు, పప్పుల నుంచి వచ్చే ఇనుము ఒంటికి పట్టకుండా టీలోని వగరు పదార్థాలు అడ్డుపడతాయి. అందువల్ల భోజనానికీ ఐరన్ మాత్రకూ టీకీ మధ్య కనీసం గంట, వీలైతే రెండు గంటల ఎడం ఉంచండి. మిగతాది మీ వైద్యులు చెప్పినట్టు. తేయాకు ఉన్న ప్రతి టీలోనూ, గ్రీన్ టీలో కూడా, కెఫీన్ ఉంటుంది. రాత్రికి నిమ్మగడ్డి, తులసి, శొంఠి వంటి తేయాకు లేని కషాయాలే మేలు.

ప్రశ్న: మాది సముద్రం ఒడ్డు. ఎంత మంచి టీ కొన్నా నెల తిరిగేసరికి ఎండుచేపల వాసనో మసాలా వాసనో పడుతోంది.
– పాఠకుడు, వజ్రపుకొత్తూరు

జవాబు: మల్లె వాసనను ఎంత ప్రేమగా పీల్చుకుంటుందో, ఎండుచేపల వాసననూ తేయాకు అంతే పీల్చుకుంటుంది. దానికి తోడు తీరప్రాంతపు తేమ. కాగితపు పెట్టెలో, ప్లాస్టిక్ డబ్బాలో ఉంచకండి. బిగుతైన మూతగల స్టీలు లేదా రేకు డబ్బా తీసుకుని, అంతకుముందు మసాలా ఉంచినదైతే కడిగి రెండు రోజులు ఎండబెట్టి, వాసన పూర్తిగా పోయాకే ఆకు పోయండి. ఒక్కొక్క పరిమళానికి ఒక్కొక్క డబ్బా ఉండాలి. మల్లె, ఎర్ల్ గ్రే పక్కపక్క పొట్లాల్లో ఒకే డబ్బాలో ఉంటే నెలలో రెండూ ఒకే వాసన వేస్తాయి. డబ్బాను వంటింట్లో పొయ్యికి దూరంగా, వీలైతే వేరే గదిలో బీరువా అరలో పెట్టండి. ఫ్రిజ్ వద్దు, బయటికి తీసిన ప్రతిసారీ ఆకు మీద చెమ్మ పడుతుంది. ఒకేసారి అరకిలో కొనకుండా 50 లేదా 100 గ్రాముల పొట్లాలే తెచ్చుకోండి, తడి చెంచా లోపల పెట్టకండి.